గుండెపోటు తర్వాత కాపురం

పాతపట్నంలో ఒక మనిషికి గుండెపోటు వస్తే దారి టెక్కలి మీదుగానో నరసన్నపేట మీదుగానో శ్రీకాకుళానికి, అక్కడ కుదరకపోతే ఇంకో వంద కిలోమీటర్లు దాటి విశాఖపట్నానికి సాగుతుంది. సరిహద్దు ఊరు కాబట్టి పర్లాకిమిడి మీదుగా బరంపురం మెడికల్ కాలేజీకి వెళ్లేవాళ్లూ ఉన్నారు. యాంజియోగ్రాం తీస్తారు, స్టెంటు వేస్తారు, కొన్నాళ్లకు ఇంటికి పంపుతారు. చేతికి ఒక డిశ్చార్జి కాగితం ఇస్తారు. ఉప్పు తగ్గించాలి, నూనె తగ్గించాలి, చుట్ట మానాలి, రోజూ నడవాలి, ఏ బిళ్ల పొద్దున్న వేసుకోవాలి, ఏది రాత్రి వేసుకోవాలి, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి అన్నీ అందులో ఉంటాయి. భార్యాభర్తలు మళ్లీ ఎప్పుడు కలవచ్చు, కలిస్తే గుండెకేమవుతుంది అన్నది మాత్రం సాధారణంగా ఉండదు.

కాగితంలో లేని ఆ సంగతిని ఇల్లే తేల్చేస్తుంది. ఆయన మంచం వీధి గదిలోకి మారుతుంది. ఆవిడ లోపల మనవరాలి పక్కన పడుకుంటుంది. రాత్రి రెండు మూడు సార్లు లేచి వచ్చి ఆయన ఊపిరి సరిగ్గా తీస్తున్నాడో లేదో చూసి వెళుతుంది. "ఇంకా ఆ ఊసేటి?" అని ఎవరూ పైకి అనరు గానీ ఇంటిల్లిపాదీ అదే అనుకుంటారు. ఆస్పత్రికి మళ్లీ వెళ్లినప్పుడు వైద్యుడు "ఇంకేమైనా అడగాలా?" అంటే కుర్చీ వెనక నిలబడ్డ భార్య "ఏటీ నేదు బాబూ" అంటుంది. ఆయన తల వంచుకుని చొక్కా గుండీలు పెట్టుకుంటాడు. ఇలా ఏళ్లు గడిచిపోతాయి.

కలయికకూ గుండెకూ ఉన్న సంబంధం మీద యాభై ఏళ్లకు పైగా పరిశోధన జరిగింది. అదంతా ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: గుండె జబ్బు వచ్చినవారిలో ఎక్కువమందికి కాపురం ప్రమాదం కాదు. అసలు ప్రమాదాలు దాని చుట్టూ ఉన్నాయి. అడక్కుండా వేసుకునే బిళ్లలో ఉన్నాయి, పట్టించుకోని ముందస్తు సూచనలో ఉన్నాయి, ఆడవాళ్ల విషయంలో గర్భంలో ఉన్నాయి. వీటిలో ఏదీ రోగి నోరు తెరిచి అడిగేది కాదు గనక వైద్యుడే ముందుగా మాట్లాడాలి.

గుండె మీద పడే భారం ఎంత అన్న దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే భయమంతా అక్కడే పుట్టింది. 1966లో మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికా పరిశోధకులు ప్రయోగశాలలో కొలిచి, పరాకాష్ఠ దగ్గర గుండె నిమిషానికి 140 నుంచి 180 సార్లు కొట్టుకోవచ్చని రాశారు. ఆ అంకెలు చూసిన వైద్యులు గుండె రోగులను వద్దనడంలో ఆశ్చర్యం లేదు. అయితే అది పరికరాల మధ్య, పరాయి గదిలో, ఆరోగ్యవంతులపై చేసిన కొలత. 1970లో క్లీవ్‌లాండ్ వైద్యుడు హెల్లర్‌స్టైన్ తన సహచరుడితో కలిసి వేరే పని చేశాడు. గుండెపోటు వచ్చి కోలుకున్న నడివయసు మగవాళ్ల ఒంటికి గుండె వేగం నమోదు చేసే చిన్న యంత్రం కట్టి ఇంటికి పంపాడు. సొంత ఇంట్లో, సొంత భార్యతో ఉన్నప్పుడు వాళ్ల గుండె వేగం సగటున 117 దగ్గర ఆగింది. అదే మనుషులు పగటిపూట ఉద్యోగంలో మామూలు పనులు చేసుకుంటున్నప్పుడు 120 దాకా వెళ్లింది. అంటే ఆ ఇంటి పడకగది కంటే ఆఫీసే వాళ్ల గుండెను కాస్త ఎక్కువ పరిగెత్తించింది.

శ్రమను కొలవడానికి వైద్యులు మెట్ అనే కొలత వాడతారు. కదలకుండా కూర్చున్నప్పుడు ఒంటికి కావలసిన శక్తి ఒక మెట్. ఇల్లు ఊడ్చడం మూడు, మూడున్నర దాకా వస్తుంది. చురుగ్గా నడిస్తే నాలుగు దాటుతుంది. వరి మోపు నెత్తిన పెట్టుకుని గట్టు ఎక్కడం వీటన్నిటికంటే బాగా ఎక్కువ. 1984లో పది వివాహ జంటలతో చేసిన ఒక అధ్యయనంలో భర్త పైన ఉన్నప్పుడు అతని శ్రమ 3.3 మెట్లు, భార్య పైన ఉన్నప్పుడు 2.5 మెట్లు అని తేలింది. 2013లో మాంట్రియల్‌లో 21 యువ జంటల చేతులకు కొలత పట్టీలు కట్టి చూస్తే అంకె కొంచెం పెరిగింది. మగవాళ్లకు 6, ఆడవాళ్లకు 5.6 మెట్లు, ఒక్కసారికి ఖర్చయిన శక్తి మగవాళ్లకు దాదాపు 100 కేలరీలు, ఆడవాళ్లకు దాదాపు 70. వాళ్ల సగటు వయసు ఇరవైల్లోనే. యాభై దాటిన గుండె రోగికి ఈ అంకె వర్తించదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో విడుదల చేసిన ప్రకటన మధ్యేమార్గంగా 3 నుంచి 5 మెట్లు అంది. రక్తపోటు, గుండె వేగం బాగా పెరిగేది పది పదిహేను సెకన్లే. ఆ వెంటనే మామూలుకు దిగిపోతాయి.

ఈ మెట్ల లెక్కను రోగికి అర్థమయ్యేలా చెప్పడానికి పాశ్చాత్య వైద్యులు "రెండంతస్తులు చకచకా ఎక్కగలవా?" అని అడుగుతారు. మెళియాపుట్టి, హిరమండలం పల్లెల్లో రెండంతస్తుల ఇళ్లెన్ని? మనవైపు మనిషిని అడగాల్సింది ఆమదాలవలస స్టేషనులో ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకోదానికి వంతెన మెట్లు ఆగకుండా ఎక్కి దిగగలవా అని. ఛాతీలో నొప్పి, పట్టేసినట్టు ఉండడం, మితిమీరిన ఆయాసం, కళ్లు తిరగడం లేకుండా ఎక్కగలిగితే, కాపురానికి కావలసిన సత్తువ ఆ గుండెకు ఉన్నట్టే. అనుమానంగా ఉంటే ట్రెడ్‌మిల్ పరీక్ష ఉండనే ఉంది. పొలం పని చేసుకునే రైతు కూలీ చాలాసార్లు ఈ వంతెన పరీక్ష సులువుగా దాటేస్తాడు. కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చునేవాడు, లారీ నడిపేవాడు, రిటైరైన ఉద్యోగి దాటలేకపోవచ్చు.

ఇక ప్రమాదం మాట. "సెక్సు వల్ల గుండెపోటు ముప్పు రెట్టింపు" అన్న శీర్షిక మీరెక్కడైనా చదివే ఉంటారు. దాని మూలం అమెరికాలో 1996లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం. గుండెపోటు వచ్చిన 1,774 మందిని పరిశోధకులు ప్రశ్నించారు. అంతకుముందు ఏడాదిలో దాంపత్య జీవితం ఉన్నవారు 858 మంది. వారిలో గుండెపోటుకు ముందు రెండు గంటల్లోపు కలిసినవారు 27 మంది, అంటే నూటికి ముగ్గురు. లెక్క కడితే ఆ రెండు గంటల్లో ముప్పు రెండున్నర రెట్లని తేలింది. శీర్షిక ఇక్కడితో ఆగిపోతుంది. పూర్తి సంగతి తర్వాత ఉంది. ఆరోగ్యంగా ఉన్న యాభై ఏళ్ల మనిషికి ఏదో ఒక గంటలో గుండెపోటు వచ్చే అవకాశం పది లక్షల్లో ఒకటి. అది రెండున్నర రెట్లయినా పది లక్షల్లో రెండో మూడో. ఇదివరకే గుండెపోటు వచ్చినవారికి లక్షలో ఒకటి ఉండేది లక్షలో రెండు అవుతుంది, అదీ ఆ రెండు గంటలకే. ఆరోగ్యవంతుడు వారానికోసారి కలిసినా ఏడాది మొత్తం మీద అతని ముప్పు ఒక శాతం నుంచి 1.01 శాతానికి పెరుగుతుందని ఆ పరిశోధకులే అంచనా వేశారు. మొత్తం గుండెపోట్లలో కలయిక కారణమైనవి నూటికి ఒకటి కూడా లేవు.

అదే అధ్యయనంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించిన ముక్క వేరే ఉంది. వ్యాయామం అసలు లేనివారిలో ముప్పు మూడు రెట్లయితే, వారానికి మూడు సార్లు, అంతకంటే ఎక్కువ ఒళ్లు వంచేవారిలో అది 1.2 రెట్లే. అంటే తేడా దాదాపు మాయమైంది. 2011లో ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కించినప్పుడు కూడా ముప్పు 2.7 రెట్లన్న అంకే వచ్చింది, అలవాటుగా శ్రమ చేసేవారిలో అది తగ్గుతుందన్న సంగతి కూడా మళ్లీ తేలింది. పొద్దున్నే చెరువు గట్టు మీద నలభై నిమిషాలు నడవమని వైద్యుడు చెప్పే మాట రాత్రికి కూడా పనికొస్తుందని రోగికి చెబితే, వట్టి "నడవండి" అన్నదానికంటే ఎక్కువమంది నడుస్తారని నా నమ్మకం.

కలయిక సమయంలోనే ప్రాణం పోయిన సంఘటనల సంగతేమిటి? జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో 1972 నుంచి 2004 దాకా చేసిన 31,691 శవపరీక్షలను వెతికితే అలాంటివి 68 దొరికాయి. వెయ్యికి రెండు. వారిలో 63 మంది మగవాళ్లు. 1963లో జపాన్ నుంచి వచ్చిన నివేదికలో 5,559 హఠాన్మరణాల్లో 34 అలాంటివి. ఈ నివేదికల్లో ఒక పోలిక తరచూ కనిపిస్తుంది. చనిపోయినవారిలో ఎక్కువమంది ఇంట్లో లేరు. వివాహం బయటి సంబంధం, తెలియని చోటు, కడుపు నిండా తిండి, మద్యం, తనకంటే బాగా చిన్న వయసు తోడు. దీన్ని నీతిపాఠంగా చదవాల్సిన పని లేదు. దొరికిపోతామేమో అన్న దడ, తాగిన మత్తు, తిన్న వెంటనే శ్రమ, తన సత్తా చూపాలన్న ఆరాటం ఇవన్నీ కలిసి గుండె మీద పడతాయి. అలవాటైన గది, అలవాటైన మనిషి, తొందర లేని వేళ గుండెకు మంచివి అన్నది ఇందులోంచి తీసుకోవలసిన వైద్య సలహా.

ఆ అలవాటైన గదే మన ఇళ్లలో దొరకనిది. రెండు గదుల ఇంట్లో కొడుకు, కోడలు, పిల్లలు ఉంటారు. పెద్దవాళ్లకు వరండా. కోడలు వచ్చాక అత్తామామలు ఒకచోట పడుకోవడమే సిగ్గుగా చూసే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వలస వెళ్లిన మగవాడు చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఏడాదికి ఒకటి రెండు సార్లు సంక్రాంతికి, ఊరి పండక్కి వస్తాడు. నెలల తరబడి ఎడబాటు, ఆ రోజు మద్యం, మాంసం, రాత్రికి కలయిక. అరుదుగా, అన్నీ కలిసివచ్చిన రోజున పడే శ్రమ మీదే పరిశోధనలు ఎర్రజెండా ఎగరేస్తున్నాయి. బీపీ ఉన్న వలస కూలీకి ఈ మాట చెప్పేవారు కావాలి.

ఎప్పటినుంచి మొదలుపెట్టవచ్చన్న ప్రశ్నకు 2012 ప్రకటనలో తేట జవాబులున్నాయి. చిక్కుల్లేని గుండెపోటు అయితే, నడక వంటి తేలిక పనుల్లో ఇబ్బంది లేకపోతే, వారం తర్వాత ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు. స్టెంటు వేసినవారు గొట్టం దూర్చిన చోట గాయం మానితే కొద్ది రోజులకే. బైపాస్ అయితే రొమ్ము ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, ఆ పైనా ఛాతీ మీద బరువు పడకుండా చూసుకోవాలి. కూర్చున్నా నొప్పి వస్తున్నవారు, అదుపులో లేని గుండె వైఫల్యం ఉన్నవారు, బీపీ విపరీతంగా ఉన్నవారు, కవాటం బాగా ఇరుకై లక్షణాలు కనిపిస్తున్నవారు, ప్రమాదకరంగా గుండె లయ తప్పుతున్నవారు ముందు వైద్యం చేయించుకుని నిలకడ పడేదాకా ఆగాలి. వీరి సంఖ్య తక్కువ. కానీ నిషేధం అందరికీ చుట్టుకుంటోంది.

కలయిక గుండెకు మేలు చేస్తుందా అన్న ప్రశ్నను పత్రికలు బాగా ఇష్టపడతాయి. నాకు ఇక్కడ కొంత అనుమానం ఉంది. వేల్స్‌లోని కేర్‌ఫిల్లీలో 918 మంది నడివయసు మగవాళ్లను పదేళ్లు గమనించి 1997లో వెల్లడించిన అధ్యయనంలో, తరచుగా సుఖం పొందినవారిలో మరణాలు అరుదుగా పొందినవారికంటే సగమే ఉన్నాయి. మసాచుసెట్స్‌లో 2010లో వచ్చినదాంట్లో నెలకోసారికి మించనివారికి గుండె జబ్బులు ఎక్కువ. కానీ ఒంట్లో సత్తువ ఉన్నవాడే తరచుగా కలుస్తాడు, జబ్బు లోపల తొలుస్తున్నవాడు ముందే మానేస్తాడు. ఏది కారణం, ఏది ఫలితం? 2016లో అమెరికాలో 57 నుంచి 85 ఏళ్ల మధ్యవారిపై వచ్చిన అధ్యయనమైతే వారానికోసారీ అంతకంటే ఎక్కువా కలిసే వృద్ధ పురుషుల్లోనే గుండె సమస్యలు ఎక్కువగా చూసింది. దాంపత్యం తృప్తిగా ఉందన్న స్త్రీలలో మాత్రం బీపీ ముప్పు తక్కువ. కాబట్టి దీన్ని మందుగా రాసిచ్చే స్థితి లేదు. మనకు పనికొచ్చేది ఇజ్రాయెల్ నుంచి 2020లో వచ్చిన ఫలితం. తొలి గుండెపోటు వచ్చిన 495 మందిని రెండు దశాబ్దాలకు పైగా గమనిస్తే, కొద్ది నెలల్లో మునుపటిలా కాపురం మొదలుపెట్టినవారిలో మరణాలు మానుకున్నవారికంటే 35 శాతం తక్కువ. ఇందులోనూ కోలుకున్నవారే మొదలుపెట్టి ఉండవచ్చు. అయినా మొదలుపెట్టడం వల్ల చస్తారన్న భయానికి ఇది గట్టి జవాబు.

ఇప్పుడు ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం. శ్రీకాకుళం, పాలకొండ, పార్వతీపురం, ఏ బస్టాండుకు వెళ్లినా గోడల మీద "రహస్య వ్యాధులకు గ్యారంటీ వైద్యం" కాగితాలు అంటించి ఉంటాయి. సంత రోజున గుడారం వేసి సీసాల్లో వేర్లు, కొమ్ములు పెట్టుకుని కూర్చునేవారూ ఉంటారు. ఆ గుడారంలోకి దూరే నలభై అయిదేళ్ల మనిషి తన "బలం తగ్గింది" అని వెళతాడు. ధాతువు పోతే ఒంట్లో సారం పోతుందన్న పాత నమ్మకం మన దేశంలో ఎంత లోతుగా ఉందంటే, మానసిక వైద్యులు 1960లోనే దానికి ఒక పేరు పెట్టి అధ్యయనం మొదలుపెట్టారు. గుడారం మనిషి ఆ నమ్మకం మీదే పొడి అమ్ముతాడు. ఆ పేషెంటు బీపీ చూసినవారుండరు, షుగరు చూసినవారుండరు.

చూడాల్సింది అవే. పురుషాంగానికి వెళ్లే రక్తనాళం వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండెకు రక్తమిచ్చే నాళం మూడు నాలుగు. షుగరు, బీపీ, పొగాకు, కొవ్వు రక్తనాళాల లోపలి పొరను పాడుచేసేటప్పుడు ఒంట్లో అన్నిచోట్లా పాడుచేస్తాయి. సన్నని నాళం ముందు మొరాయిస్తుంది. పెద్ద నాళం తర్వాత. 2003లో ఇటలీలో మొంతోర్సి బృందం గుండెనొప్పితో వచ్చిన 300 మందిని చూస్తే సగంమందికి అంగస్తంభన లోపం ఉంది. రెండూ ఉన్నవారిలో మూడింట రెండొంతుల మందికి ఆ లోపమే ముందు వచ్చింది, గుండె లక్షణాలకంటే సగటున 39 నెలల ముందు. మూడేళ్లకు పైగా సమయం! 2005లో అమెరికాలో వేలమందిపై జరిగిన మరో అధ్యయనం ఈ లోపాన్ని పొగతాగడంతోనూ, కుటుంబంలో గుండెపోటు చరిత్రతోనూ సమానమైన ముప్పు సూచనగా లెక్కించింది. 2009లో వచ్చిన ఇంకో పరిశోధన ప్రకారం ఈ సూచనకు అత్యంత విలువ ఉన్నది నలభైల్లో ఉన్న మగవాళ్లలో.

ఈ సమస్యకు మనసు, మద్యం, నిద్రలేమి, మందులు కూడా కారణాలే గనక అలా వచ్చిన ప్రతివాడికీ గుండె జబ్బు ఉన్నట్టు కాదు. కానీ ఆ మనిషి ఒకసారి బీపీ, షుగరు, కొలెస్టరాల్ చూపించుకోవాలి, ఈసీజీ తీయించుకోవాలి. గుడారంలో పోయే డబ్బుతో పోలిస్తే ఇవి చవక, పీహెచ్‌సీలో బీపీ, షుగరు ఉచితం. పల్లెలకు గుండె జబ్బు రాదనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. 2003, 2004ల్లో గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను లెక్కించినప్పుడే దాదాపు మూడింట ఒక వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలిసిస్ మీద ఉన్నవారికి గుండె ముప్పు, లైంగిక లోపం రెండూ ఎక్కువ. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అక్కడికి వచ్చే యువ రోగులను ఈ సంగతి కూడా అడగాలని కోరుకుంటున్నాను.

బిళ్లల విషయంలో రెండు అపార్థాలున్నాయి, ఒకటి రోగిని మందు మానిపిస్తుంది, రెండోది ప్రాణం తీస్తుంది.

మొదటిది: "ఈ బీపీ బిళ్లలు వేసుకుంటే మగతనం పోతుంది." బీటా బ్లాకర్లనే మందుల మీద ఈ మాట ఎక్కువ. 2003లో ఇటలీ వైద్యులు 96 మందికి ఎటెనొలాల్ ఇచ్చి మూడు గుంపులు చేశారు. మందు పేరు, ఈ దుష్ఫలితం రెండూ చెప్పిన గుంపులో 31 శాతం మందికి సమస్య వచ్చింది. పేరు మాత్రమే చెప్పినవారిలో 16 శాతం. ఏ మందో చెప్పనివారిలో 3 శాతం. ఆ బాధలో మందు వాటా కొంచెం, భయం వాటా చాలా. నిజంగా ఇబ్బంది ఉంటే మార్చడానికి వేరే మందులున్నాయి. మనసులో పెట్టుకుని బిళ్ల ఆపేసినవాడికి మాత్రం గుండెపోటు మళ్లీ రావచ్చు.

రెండోది సిల్డెనాఫిల్. దీని పుట్టుకే గుండెతో ముడిపడింది. ఇంగ్లండులో ఫైజర్ కంపెనీ గుండెనొప్పి కోసం పరీక్షిస్తున్న మందు, గుండెకు అంతగా పనికిరాక, వేరే ప్రభావం బయటపడి 1998 మార్చిలో వయాగ్రాగా అమెరికా అనుమతి పొందింది. అదే ఏడాది నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలను ఎలా సడలిస్తుందో కనిపెట్టిన ముగ్గురికి నోబెల్ వచ్చింది. ఆ రెండు సంగతులకూ మూలం ఒకటే, చిక్కు కూడా అక్కడే. గుండెనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మందులు కూడా ఆ నైట్రిక్ ఆక్సైడ్ ద్వారానే పనిచేస్తాయి. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషి లేవకపోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ తగలకూడదు. రోజూ నైట్రేట్ వాడేవారు వీటిని ముట్టుకోకూడదు. నైట్రేట్ వాడని, నిలకడగా ఉన్న గుండె రోగికి మాత్రం వైద్యుడు చూసి రాసిస్తే ఇవి చాలావరకు క్షేమమే. మన చుట్టూ జరుగుతున్నది వేరు. చీటీ లేకుండా మందుల కొట్లో చెవిలో చెప్పి కొనుక్కుంటారు. "మూలికా" పేరుతో అమ్మే పొడుల్లో, గుళికల్లో ఇదే మందు రహస్యంగా కలిపినవి దొరికాయని మన దేశంలోనూ విదేశాల్లోనూ పరీక్షలు బయటపెట్టాయి. జేబులో సార్బిట్రేట్ పెట్టుకు తిరిగే మనిషి సంతలో కొన్న పొడి తిని రాత్రి నొప్పి వచ్చి బిళ్ల నాలుక కింద పెట్టుకుంటే, ఏం జరిగిందో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు.

ఆడవాళ్ల గుండె గురించి పరిశోధనే తక్కువ. పైన చెప్పిన అంకెల్లో ఎక్కువభాగం మగవాళ్లవి. మన తీరంలో అడ్డపొగ తాగే స్త్రీలు తరాలుగా ఉన్నారు. నిప్పు వైపు నోట్లో పెట్టుకునే ఆ చుట్ట నోటికి చేసే హానిని పరిశోధకులు దశాబ్దాల కిందటే అధ్యయనం చేశారు, పొగాకు గుండెకు చేసే హాని కూడా దానితోపాటే ఉంటుంది. గుండెపోటు వచ్చిన స్త్రీని కాపురం గురించి ఎవరు అడుగుతారు? అమెరికా, స్పెయిన్ దేశాల్లో 55 ఏళ్లలోపు గుండెపోటు రోగులపై 2014లో వచ్చిన అధ్యయనంలో నెలలోపు వైద్యుడితో ఈ విషయం మాట్లాడినవారు మగవాళ్లలో 19 శాతం, ఆడవాళ్లలో 12 శాతమే. మాట్లాడినవారిలోనూ మూడింట రెండొంతులకు ఏదో ఒక ఆంక్షే దొరికింది. అక్కడే అలా ఉంటే మనవైపు సంగతి చెప్పక్కర్లేదు. ముట్లు ఆగిపోయిన వయసులో పొడిబారడం, నొప్పి, అలసట ఆమెను బాధిస్తాయి. వాటికి వైద్యం ఉంది. భర్తకు గుండెపోటు వచ్చినప్పుడు భయం మోసేది కూడా ఆమే.

వయసులో ఉన్న స్త్రీ విషయం వేరు, అందులో ప్రాణం మీది సంగతి ఉంది. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాతం జ్వరం గుండె కవాటాలను దెబ్బతీసిన అమ్మాయిలు పేద ఇళ్లలో ఇంకా ఉన్నారు. పెళ్లయ్యాక ఆయాసంతో బయటపడుతుంది. ఎడమవైపు కవాటం బాగా ఇరుకైనప్పుడు గుండె వేగం పెరిగితేనే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. గర్భంలో రక్తం సగానికి సగం దాకా పెరుగుతుంది కాబట్టి ఆ గుండె తట్టుకోలేదు. మెకానికల్ కృత్రిమ కవాటం వేయించుకున్న అమ్మాయి రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రామ్ వంటి బిళ్ల జీవితాంతం వాడాలి. తొలి నెలల్లో ఆ మందు పిండానికి హాని చేయగలదు. గర్భం వచ్చిందని తెలిసి భయపడి మందు ఆపేస్తే కవాటం మీద గడ్డకట్టి తల్లి ప్రాణానికే ముప్పు. కాబట్టి గర్భం రాకముందే, ఎప్పుడు, ఏ మందు మీద, అసలు తగునా అని గుండె వైద్యుడూ ప్రసూతి వైద్యురాలూ కూర్చుని తేల్చాలి. అంతవరకు కుటుంబ నియంత్రణ పద్ధతి కూడా వాళ్లనడిగే ఎంచుకోవాలి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక బిళ్లలు గడ్డకట్టే ముప్పును పెంచుతాయి. "పిల్లలెప్పుడు?" అని ఏడాది తిరక్కుండానే అడిగే అత్తవారింట్లో ఈ మాట కోడలు చెప్పలేదు. భర్తను పిలిచి వైద్యులే చెప్పాలి.

వైద్యులు ఎందుకు చెప్పరు? సమయం లేదు, ఓపీలో పదిమంది వింటుంటారు, రోగికంటే వైద్యుడికే ఎక్కువ సిగ్గు. తెలుగులో ఈ విషయాలు మర్యాదగా, తేటగా మాట్లాడవచ్చని విజయవాడ డాక్టర్ జి. సమరం దశాబ్దాలపాటు పత్రికల్లో ప్రశ్నలకు జవాబులిచ్చి చూపించారు. మాటలు లేకపోవడం సమస్య కాదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటినుంచి పేదవాడికి స్టెంటు, బైపాస్ ఉచితంగా అందాయి. ఆ తర్వాతి జీవితం గురించి అయిదు నిమిషాల సలహా అందలేదు. పల్లెలో ఆ సలహా గుండె నిపుణుడే ఇవ్వాలని లేదు. పీహెచ్‌సీ వైద్యుడు మగవాడితో, ఏఎన్‌ఎం భార్యతో విడిగా మాట్లాడి, ఆ తర్వాత ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టవచ్చు. "మెట్లు ఎక్కుతున్నావా? ఇంట్లో ఇద్దరూ బాగున్నారా? బలానికని ఏమైనా వాడుతున్నావా?" అని అడిగితే చాలు, మిగతాది వాళ్లే చెబుతారు.

ఇద్దరినీ కలిపి అనడానికి ఇంకో కారణం ఉంది. కలయికలో ఛాతీ పట్టేసినా, ఆయాసం ఎగసినా, చెమట పట్టి కళ్లు తిరిగినా వెంటనే ఆపి, తల ఎత్తుగా పెట్టి కూర్చోవాలి. అంగస్తంభన బిళ్ల వేసుకుని ఉంటే సార్బిట్రేట్ పెట్టుకోకూడదు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయాలి. అంబులెన్సు సిబ్బందికి, ఆస్పత్రిలో వైద్యుడికి, ఏ బిళ్ల ఎన్ని గంటల కిందట వేసుకున్నాడో దాచకుండా చెప్పాలి, ఎందుకంటే వాళ్లు నైట్రేట్ ఇవ్వాలా వద్దా అన్నది ఆ జవాబు మీదే ఉంటుంది. ఆ వేళ ఆయన మాట్లాడే స్థితిలో లేకపోవచ్చు. చెప్పగలిగేది భార్య ఒక్కతే గనక ఆయన ఏం వేసుకుంటున్నాడో ఆమెకు ముందే తెలిసి ఉండాలి.